జెండా విప్పితే తిరగని కారు

మా బావ జీవితంలో ఎన్నడూ ఇంజను ముట్టలేదు. కారు ఆగిపోయిందని ఎవరైనా షెడ్డుకు తెస్తే, బానెట్ కూడా ఎత్తకుండా "లోపలి రోగం నాకు తెల్వదు, పై తోలు సంగతుంటే చెప్పు" అనేవాడు. మహబూబాబాద్‌లో, స్టేషనుకు కొంచెం దూరంగా ఆయన షెడ్డు. పని కార్ల సొట్టలు తీయడం. ఆ పనిలో ఆయన చేయి తిరిగిన వాడు. లారీ కింద పడి నలిగిన తలుపును కూడా సుత్తితో లాలించి, బుజ్జగించి, పెళ్లికూతురిలా చేసి పంపేవాడు. కానీ సంతోషంగా ఉండేవాడు కాదు.

"లోకమంత సొట్టలు పెడ్తది, నేను తీస్త. నా బతుకంత ఎవని తప్పునో సాపు చేసుడే అయ్యింది బామ్మర్దీ. నాది అని ఒక్కటన్న చేసిన్నా?" అనేవాడు నాతో.

నేను జనగామలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్సు చెప్పేవాడిని. అవి తెలంగాణ కోసం సమ్మెలు, బంద్‌లు జోరుగా నడుస్తున్న రోజులు. కాలేజీ తెరిచిన రోజుల కంటే మూసిన రోజులే ఎక్కువ. ఇంట్లో కూర్చుంటే నా భార్య బియ్యం ఏరమంటుందన్న భయంతో అక్కావాళ్లింటికి పోతుండేవాడిని.

అలాంటి రోజుల్లోనే ఒక చెన్నై ఆయన కారుకు మానుకోట దాటాక గేదె తగిలింది. మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం. బావ సొట్ట తీస్తున్నంతసేపు ఆ పెద్దమనిషి స్టూలు మీద కూర్చుని తమ ఊరి దగ్గరి రేసు ట్రాక్ కథలు చెప్పాడు. ఏడాదికోసారి అక్కడ పాత కార్ల వాళ్లకు ఒక రోజు ఇస్తారట. ఎవరి కారు వాళ్లు తెచ్చుకుని చుట్టు కొట్టి, ఎంతసేపట్లో తిరిగొచ్చారో కాగితం మీద రాయించుకుని పోవచ్చట. పోయిన ఏటి జాబితా ఫోనులో చూపించాడు. అందులో అందరికంటే కింద ఉన్నవాడి సమయం రెండున్నర నిమిషాలు. బావ ఆ చివరి పేరును దేవుడి పటం చూసినట్టు చూశాడు.

షెడ్డు వెనక బావ ఎక్కడినుంచో తెచ్చుకున్న పాత చిన్న కారు ఒకటుంది. వయసులో మా మేనకోడలి కంటే పెద్దది. నన్ను పిలిపించి అడిగాడు.

"ఇంజను ముట్టకుండ కారును ఉరికించొచ్చా సారూ?"

పని పడినప్పుడు నేను బామ్మర్దిని కాను, సారును.

"ఉరికించొచ్చు బావా. వేగం పెరిగే కొద్దీ కారును ఆపేది గాలే. ఆ గాలికి దారి ఇస్తే అదే ఇంజను ఎక్కువ పరుగెత్తుతుంది. మలుపుల దగ్గర అదే గాలితో కారును నేలకు అదిమితే జారదు."

"అంటే రేకు పని."

"మొత్తం రేకు పనే."

బావ కళ్లలో అంత వెలుగు నేను ఆయన పెళ్లిలో కూడా చూడలేదు. ఈ మాట అక్క ముందు ఎన్నడూ అనలేదు.

అక్క సంగతి చెప్పాలి. షెడ్డుకు యజమాని బావే అయినా తాళం చెవి అక్క కొంగున ఉండేది. ఊరి చివర కొత్త ఇళ్లు లేస్తున్నాయని, అందరూ ఇనుప బీరువాలు అడుగుతున్నారని, సొట్టల పని మానేసి బీరువాలు మొదలుపెట్టమని ఆమె రెండేళ్లుగా చెబుతోంది. బీరువా అన్న మాట వింటేనే బావకు జ్వరం వచ్చేది. నాలుగు పలకలు, నాలుగు మూలలు, అందులో చేసేవాడి చేయి ఏం కనబడుతుందని ఆయన బాధ.

అక్క మా ఇద్దరి మాటా విని, చేతులు కడుక్కుని వచ్చి తీర్పు చెప్పింది.

"పొండ్రి. నేనొద్దంటే సచ్చేదాక నన్నే అంటరు. ఆ పట్టీల అందరికంటె కింద ఉన్నోని కంటె ఒక్క మెట్టు పైకి రా. వస్తే జన్మల బీరువ పేరెత్త. రాలేదంటె తెల్లారి సంది షెడ్డుల బీరువాలే. మల్ల నస పెట్టొద్దు."

బావ ఒట్టేశాడు. నేను సాక్షి.

పని మొదలైంది. ముందు బంపరు కింద నేలకు దగ్గరగా ఒక పెదవి లాంటి రేకు కట్టాడు, గాలి కారు కిందికి దూరకుండా. కారు పొట్ట కింద అల్యూమినియం పళ్లెం పరిచాడు. దాని వెనక భాగం పైకి వంచి, కింద దూరిన గాలి ఊపిరి తీసుకుని బయటికి పోయేట్టు చేశాడు. వెనక డిక్కీ మీద పాత బస్సు రేకుతో ఒక రెక్క. నేను కాగితం మీద గీసింది గీతలే. ఆ గీతలను బావ సుత్తి వంపులుగా మార్చేది. నేను పదిహేనేళ్లుగా బోర్డు మీద గీస్తున్న బాణం గుర్తులు ఒక మనిషి చేతిలో రేకులవుతుంటే చూడటం నాకు నిజంగా సంబరంగా ఉండింది.

గాలి కంటికి కనబడదు కనుక కారు ఒళ్లంతా ఊలు దారం ముక్కలు అతికించి పరుగెత్తించాలి. దారాలు బుద్ధిగా వెనక్కి పడుకుంటే అక్కడ గాలి సాఫీగా పోతోందని, పిచ్చెక్కినట్టు ఊగితే గాలి చెదిరిపోతోందని లెక్క. ఏ రంగు ఊలైనా సరే తెమ్మన్నాను. బజారంతా తిరిగితే గులాబీ రంగు తప్ప ఇంకొకటి దొరకలేదు. ఆ ఏడాది దుకాణాల వాళ్లు వేరే రంగు తెప్పించడమే మానుకున్నారు.

పరీక్షకు ఖాళీ రోడ్డు కావాలి. బంద్ రోజున జనగామ దగ్గర హైదరాబాద్ రోడ్డును మించిన ఖాళీ భూప్రపంచంలో లేదు. ఒక బంద్ నాటి పొద్దున ఒళ్లంతా గులాబీ దారాలతో కారు తీసుకుని పోయాం. మైలు కూడా పోకముందే రోడ్డుకు అడ్డంగా కూర్చున్న వాళ్లు లేచి చుట్టుముట్టారు. వాళ్ల నాయకుడు కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఇక పళ్లు రాలతాయనుకుని నేను కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాను.

"వారెవ్వ! ఏం ముస్తాబు చేసినవే అన్నా! ఒక్కొక్క దారం అతికించినవా? గిది ఉద్యమం మీద పాణమున్నోడు చేసే పని," అని బావను కౌగిలించుకున్నాడు. అంతలోనే నొసలు ముడిచాడు. "గని జెండ ఏదన్నా? గింత చేసి జెండ లేకపోతె ఎట్ల?"

ఆ రోజుల్లో మా దిక్కు జెండా లేకుండా బండి బయటికి తీయడమంటే చెప్పుల్లేకుండా ఎండలో నడవడమే. వాళ్లే ఒక జెండా ఇచ్చారు. బావ మరునాడు కారు కప్పు మీద, వెనక వైపు, సరిగ్గా నడుమ ఒక ఇనుప చువ్వ వెల్డింగు చేసి దానికి కట్టాడు. మాకు ఎక్కడికైనా దారి దొరికింది. ఆపేవాళ్లు లేరు.

అప్పటినుంచి ప్రతి బంద్‌కూ మా పరీక్షలే. నేను తోటి లెక్చరర్ బైకు వెనక కూర్చుని దారాలను ఫోనులో వీడియో తీసేవాడిని. ఒక కిలోమీటరు రాయి దగ్గర గేరు తీసేసి, కారు దానంతట అది ఎంత దూరం దొర్లుతుందో చూసేవాళ్లం. రోడ్డు మీద కూర్చున్న వాళ్లు కూడా నినాదాల మధ్య తీరిక చేసుకుని వచ్చి, కారు ఆగిన చోట రాళ్లు పెట్టేవారు. వాళ్ల దగ్గర రాళ్లకు కొదవలేదు. కింద పళ్లెం బిగించిన రోజు కారు డెబ్బై అడుగులు ఎక్కువ దొర్లింది. అందరూ జై కొట్టారు. ఎందుకో వాళ్లకు తెలియదు, మేం చెప్పలేదు.

ఒక్క రెక్కతోనే చిక్కు. చిల్పూరు దిక్కు మలుపుల్లో కారు తోక ఊగేది. రెక్క మీద దారాలు ఎంతకూ పడుకునేవి కావు, బతుకమ్మ ఆడినట్టు ఆడేవి. "ఇంకొంచెం నిలబెట్టు బావా" అనేవాడిని. నిలబెట్టేవాడు. "ఇంకా ఎత్తు పెంచు." పెంచేవాడు. ఇరవై రోజులు కుస్తీ పట్టాక తోక ఊగడం ఆగింది. ఆ ఆనందంలో బావ రెక్కను బోల్టులతో కాక ఏకంగా వెల్డింగు పెట్టేశాడు. "ఇగ బ్రహ్మదేవుడొచ్చిన కదిలియ్యలేడు" అన్నాడు.

కారు పక్కలకు వేలాడే పట్టీలకు గట్టి రబ్బరు కావాల్సి వచ్చింది. భూపాలపల్లిలో బొగ్గు మోసి అరిగిపోయిన బెల్టులు పాత సామాన్ల దుకాణంలో దొరుకుతాయంటే పోయాం. ఇద్దరు మగవాళ్లు నెలల తరబడి ఏం వెలగబెడుతున్నారో చూడాలని అక్క కూడా కారెక్కింది, అన్నం బగోనతో సహా. బంద్‌లలో హోటళ్లు ఉండవు కనుక ఆ పెద్ద గిన్నె వెంట లేకుండా ఆమె గడప దాటేది కాదు.

తిరిగి వస్తుంటే రోడ్డు మీద వంటావార్పు. ఉద్యమంలో అదొక పద్ధతి. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని, సాయంత్రం దాకా ఒక్క బండినీ పోనిచ్చేవారు కాదు. ఆ రోజు ఈదురు గాలి. పొయ్యి అంటుకోదు, అంటుకుంటే నిలవదు. వంట చూస్తున్న ఒక అవ్వ పొగలో దగ్గుతూ గాలిని, ప్రభుత్వాన్ని కలిపి తిడుతోంది. బావ కాసేపు చూసి, కారు కిందికి దూరి, పళ్లెం వెనక ముక్కను విప్పుకొచ్చాడు. వంపు గాలికి ఎదురుగా ఉండేట్టు పొయ్యి ముందు నిలబెట్టాడు. చెల్లాచెదురుగా కొట్టే గాలి ఆ ఇరుకులో దూరి, కట్టెల కిందినుంచి బుస్సుమని లేచింది. మంట నిటారుగా నిలిచింది. వరసలో ఉన్న పొయ్యిలన్నిటి కంటే ముందు ఆ అవ్వ అన్నమే ఉడికింది.

"ఏం పనోనివి కొడుకా, ఈ పొయ్యి ఏడ కొన్నవు?" అంది అవ్వ.

బావ అక్క వైపు చూశాడు. అక్క అన్నం కలుపుకుంటూ, "పొయ్యి మంచిగనే ఉన్నది. కారు సంగతి చూడాలె" అంది.

ట్రాక్ వాళ్లు పాత కార్లకు ఇచ్చే రోజు రానే వచ్చింది. మిరపకాయల లారీ మీద కారు ఎక్కించి, తార్పాలిన్ కప్పి చెన్నై దిక్కు పంపాం. నది దాటితే మా జెండాకు మర్యాద ఉండదు కనుక దాన్ని చుట్టి అక్క సంచిలో పెట్టింది. మేం రైల్లో పోయాం. ట్రాక్ చేరగానే బావ మొదట చేసిన పని జెండా మళ్లీ కట్టడం.

కార్లను పరీక్షించి లోపలికి పంపే పెద్దాయన ఒకడున్నాడు. మాకు తమిళం రాదు, ఆయనకు తెలుగు సగమే వచ్చు. రెక్కను ఊపి చూసి తలాడించాడు. జెండా చూసి వేలు పెట్టాడు. గుడ్డ ఏదీ వేలాడకూడదు, తీసేయాలి అన్నాడు.

"గది గుడ్డ గాదు సార్, మా రాష్ట్రం జెండ," అన్నాడు బావ.

"ఏ రాష్ట్రం?"

"ఇంకా రాలేదు," అన్నాను నేను.

ఆయన మా ముగ్గురినీ జాలిగా చూసి, వచ్చాక కట్టుకొమ్మన్నాడు. జెండా విప్పాం. అక్క మడత పెట్టి సంచిలో వేసుకుంది. చువ్వ మాత్రం కప్పు మీద బోడిగా మిగిలింది.

బావ హెల్మెట్ పెట్టుకుని ట్రాక్ మీదికి పోయాడు. తిన్నని దారిలో కారు గువ్వలా పోయింది. నా గుండె ఉప్పొంగింది. మొదటి మలుపు వచ్చింది. దారి కుడికి తిరిగింది, మా కారు తిరగలేదు. సీదాగా గడ్డిలోకి పోయింది. రెండో చుట్టులోనూ అంతే. మూడో చుట్టుకు గడ్డిలో మా టైర్ల బాట ఒకటి పడింది. వేరేవాళ్లు అదేదో కొత్త దారి అనుకోకుండా అక్కడ జెండా ఊపేవాడిని కూడా నిలబెట్టారు.

బావ దిగి హెల్మెట్ నేలకేసి కొట్టాడు. "స్టీరింగు తిప్పుతున్న. మాట విన్నట్టే తలూపుతది. పోయేది మాత్రం సీదనే. ఎన్నడన్న చేసిందా గిట్ల? చిల్పూరు మలుపుల కత్తి లెక్క తిరిగేది గదా?"

అప్పుడు అక్క అంది, మామూలుగా, టమాటలు పుచ్చాయో లేదో చూసినట్టు.

"తమ్మీ, రెక్క మీది దారాలు ఇయ్యాల మంచిగ పండుకున్నయి. ఎన్నడు పండుకోవంటివి?"

చూశాను. ఇందాక ఫోనులో తీసిన వీడియోలో గులాబీ దారాలు దువ్విన జుట్టులా వెనక్కి పడుకుని ఉన్నాయి. ఇన్ని నెలలూ జెండా రెపరెపలాడుతూ తన వెనకున్న రెక్కకు చేరే గాలిని చిందరవందర చేసింది. ఆ చెడిన గాలికి సరిపోయేట్టు మేం రెక్కను నిలబెడుతూ, పెంచుతూ పోయాం. ఇవాళ జెండా లేదు. శుభ్రమైన గాలి అంత పెద్ద రెక్కనూ పట్టుకుని కారు వెనక భాగాన్ని నేలకు అదిమేస్తోంది. ముందు చక్రాలు తేలికైపోయి, తిప్పినా కారును తిప్పలేకపోతున్నాయి. పరీక్ష చేసిన ప్రతిసారీ కారు మీద జెండా ఉంది. అది కారులో భాగమైపోయి, మా ఇద్దరిలో ఎవరికీ విడిగా కనబడలేదు.

ఇదంతా చెప్పాను. బావ నా వైపు తిరిగాడు.

"పదిహేనేండ్ల సంది పిల్లలకు గిదే చెప్తున్నవా సారూ?"

ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఒక ప్రయోగంలో ఏది మార్చాలో, ఏది మార్చకూడదో నెలకోసారి పిల్లలతో వల్లె వేయించిన నేను, నెత్తిమీద ఎగురుతున్న మూరెడు గుడ్డను లెక్కలో వేసుకోలేదు. నా వల్ల ఆ మనిషి మిగిలిన జీవితం బీరువాలు చేయబోతున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

రెక్కను వంచుదామంటే వెల్డింగు. బ్రహ్మదేవుడు వచ్చినా కదిలించలేడు. ఇంకొక్క విడత ఉంది, మూడు చుట్లు. బావ చుట్టూ చూశాడు. అక్క మాకు అన్నం పెట్టడానికి బగోన మూత తీసి పక్కన పెట్టింది. బావ ఆ మూత లేపి, చువ్వకు ఆనించి, చేతి డ్రిల్లుతో నాలుగు బెజ్జాలు కొట్టాడు. అక్క "ఓ పుణ్యాత్ముడా, నా మూత!" అనేలోపు అది కప్పు మీద నిలువుగా, చువ్వకు రివెట్లతో బిగిసిపోయి ఉంది.

పరీక్షించే పెద్దాయన వచ్చి మూతను పట్టుకుని గట్టిగా ఊపాడు. కదల్లేదు. అన్నం మెతుకు ఒకటి ఆయన వేలికి అంటుకుంది. వేలు చూసుకుని, అక్కను చూసి, పొమ్మన్నట్టు చేయి ఊపాడు.

మూత జెండా అంత బాగా గాలిని చెడగొట్టలేదు కానీ చాలావరకు చెడగొట్టింది. మొదటి చుట్టులో కారు తిరిగింది. రెండో చుట్టులో నవ్వుతూ తిరిగింది. మూడో చుట్టులో బావ బ్రేకు తొక్కుతున్నట్టే లేదు. గోడ దగ్గర అక్క ఫోనులో టైము నొక్కింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఆమె ఫోనులో రెండు నిమిషాల ఇరవై తొమ్మిది సెకన్లు ఉన్నాయి. నేను ఎగిరాను. బావ కారు నడుస్తుండగానే దిగినంత పని చేశాడు.

తర్వాత ట్రాక్ వాళ్ల కాగితం వచ్చింది. రెండు నిమిషాల ముప్పై ఒక్క సెకను.

బావ ఫోను చూపిస్తూ అక్కను బతిమాలాడు. అక్క రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. ఆమె కళ్లల్లో నీళ్లున్నాయి, నేను చూశాను. అయినా తలెత్తి చెప్పింది.

"నా ఫోను నా మొగుని దిక్కున్నది. కాయితం ఎవని దిక్కు లేదు. కాయితమే నిజం."

ఒట్టంటే ఒట్టే. వచ్చిన మరునాడే షెడ్డులో బీరువా రేకులు దిగాయి. కారును అక్క అమ్మేస్తుందనుకున్నాం. అమ్మలేదు, పాత దుప్పటి కప్పి మూలకు పెట్టించింది. మూత కోసి ఇంటికి తెచ్చుకుంది. అన్నం ఉడికేటప్పుడు నాలుగు బెజ్జాల్లోంచి ఆవిరి వస్తున్నా, కొత్త మూత కొనిస్తానంటే వద్దంది. బావ చేసిన మొదటి బీరువా చూడటానికి పోతే, దాని అంచులన్నీ గుండ్రంగా తిరిగి ఉన్నాయి. ఇదేంటని అడిగాను.

"గాలికి."

"ఇంట్లో గాలెక్కడిది బావా?"

"ఫ్యాన్ లేదా?" అన్నాడు, నా ముఖం చూడకుండా.

జనం ఆ గుండ్రటి బీరువాల కోసం గార్ల ఊరి నుంచి కూడా వచ్చేవారు. పని బాగా నడిచింది. కానీ ఆయన నాతో ముందులా నవ్వేవాడు కాదు, ఇంటి మాటల్లో కూడా "సారూ" అనేవాడు.

కొన్నేళ్లకు రాష్ట్రం వచ్చింది. ఊరేగింపులకు ఊరంతా బళ్లు తీస్తుంటే అక్క షెడ్డులోకి పోయి దుప్పటి తీసింది. సంచి అడుగునుంచి ఆ పాత జెండా తీసి బావకిచ్చింది. చువ్వ అక్కడే ఉంది. జెండా కట్టి, ముగ్గురం జనగామ దిక్కు బయలుదేరాం. చిల్పూరు దిక్కు మలుపులు వచ్చాయి. బావ వేగం తగ్గించలేదు. కారు ఒక్కొక్క మలుపూ రోడ్డుకు అతుక్కుని, ఎటు చెబితే అటు తిరిగింది. తోక ఊగలేదు, ముక్కు జారలేదు.

వెనక సీట్లో అక్క కిటికీలోంచి చూస్తూ అంది.

"ఆ దినం జెండ ఉండనిస్తే నువ్వు గెలుస్తుంటివి."

బావ కారు పక్కకు తీసి ఆపాడు. తర్వాత భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకుని వెనక్కి తిరిగాడు.

"మల్లొక్కసారి చెప్పు," అన్నాడు. "బామ్మర్ది వినలేదు."